పాత ఇంట్లో అటకను గదిగా మార్చాలా? మేడ మీద గది వేయాలా? అబిడ్స్, నాంపల్లి వాసులు ముందు తెలుసుకోవాల్సినవి

ఇల్లు చిన్నది, కుటుంబం పెరిగింది. చిరాగ్ అలీ లేన్ నుంచి రెడ్ హిల్స్ దాకా, ట్రూప్ బజార్ వెనక సందుల నుంచి నాంపల్లి స్టేషన్ రోడ్డు దాకా చాలా ఇళ్లలో ఇదే మాట. పక్కకు జరిగే జాగా లేదు. ఉన్నదల్లా పైకే. నిజాం కాలపు ఇల్లయితే గది ఎత్తు పద్నాలుగు, పదహారు అడుగులు ఉంటుంది. మధ్యలో ఒక అటక వేసి పిల్లలకు గది చేద్దామనిపిస్తుంది. తర్వాతి కాలపు ఇల్లయితే మేడ మీద ఒక పెంట్‌హౌస్ వేద్దామనిపిస్తుంది.

మేస్త్రీ వస్తాడు, అడుగు లెక్కన రేటు చెబుతాడు, ఇరవై రోజుల్లో పని అయిపోతుందంటాడు. ఆ సంభాషణలో ఒక్క ప్రశ్న మాత్రం రాదు. ఈ ఇల్లు ఆ బరువు మోస్తుందా? దానికి జవాబు ఎవరు చెప్పాలి, ఎలా తేలుస్తారు, ఏ అనుమతులు కావాలి అన్నదే ఈ వివరణ.

ముందు మీ ఇల్లు ఏ రకమో చూడండి

అబిడ్స్, నాంపల్లి ప్రాంతంలో మూడు రకాల ఇళ్లు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది డంగు సున్నంతో రాతి గోడలు కట్టి, ఇనుప గడ్డర్లు వేసి, వాటి మధ్య ఇటుక కమాన్లు లేదా షాబాద్ బండలు పరిచి, పైన సున్నపు కాంక్రీటు వేసిన కప్పు. రెండోది ఇటుక గోడల మీదే స్లాబ్ వేసిన ఇల్లు. పిల్లర్లు ఉండవు, గోడే బరువు మోస్తుంది. మూడోది పిల్లర్లు, బీములతో కట్టినది. ఈ మూడింటికీ సలహా ఒకటి కాదు. ఇంజినీర్ ఇంటికి రాకుండా ఫోన్‌లో ఫొటోలు చూసి "పర్వాలేదు, వేసుకోండి" అన్నాడంటే ఆయనకు ఫీజు ఇవ్వడం దండగ.

ఒకే ఇంట్లో రెండు రకాలు ఉండటం కూడా ఇక్కడ మామూలే. ముందు భాగం గడ్డర్ల కప్పు, వెనక వంటిల్లు తర్వాతెప్పుడో వేసిన స్లాబ్. రెండూ కలిసే చోట గోడలో నిలువు పగులు కనిపిస్తుంటుంది. రెండు భాగాల పునాదులు వేర్వేరుగా కుంగుతున్నాయని అది చెప్పే సంకేతం కావచ్చు. దాన్ని పుట్టీతో మూసి రంగు వేస్తే కనిపించకుండా పోతుంది, అంతే.

గడ్డర్ల కప్పు లెక్క వేరు

ఈ కప్పు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. గడ్డర్ల మధ్య ఉండే ఇటుక కమాను తన బరువును కిందికే కాదు, పక్కలకు కూడా నెడుతుంది. ఎడమ కమాను కుడికి, కుడి కమాను ఎడమకు తోసుకుంటూ ఒకదానికొకటి ఆసరాగా నిలబడతాయి. చివరి కమాను తోపును గోడ గానీ, ఇనుప కడ్డీ గానీ ఆపుతుంది.

ఇప్పుడు మేడ మీది గదికి మెట్లు కావాలని మధ్యలో ఒక కమాను పగలగొట్టారనుకోండి. రెండు పక్కల కమాన్లకూ ఆసరా పోయింది. గడ్డరు పక్కకు వంగడం మొదలవుతుంది. ఆ రోజే కూలకపోవచ్చు. వానాకాలంలో సున్నం తడిసి మెత్తబడ్డాక కదలిక బయటపడుతుంది. అందుకే కమాను తీయాల్సి వస్తే ముందు పక్క గడ్డర్లను కడ్డీలతో బిగించి, కింద ఆనింపులు పెట్టి, ఆ తర్వాతే ఇటుక తీయాలి. ఈ వరుస డ్రాయింగ్ మీద ఉండాలి. మేస్త్రీ నోటి మాటగా ఉంటే చాలదు.

గడ్డరు ఎక్కడ పాడవుతుందో కూడా తెలుసుకోండి. కంటికి కనిపించే మధ్య భాగంలో రంగు వేసి ఉంటుంది, బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. గోడలోకి దూరిన చివర్లలో తేమ చేరి తుప్పు తింటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న రాయిని చీలుస్తుంది. గడ్డరు గోడను తాకే చోట చీలిక గానీ, పొరలు పొరలుగా ఊడే ఇనుము గానీ కనిపిస్తే పైన గది ఆలోచన పక్కన పెట్టండి. ముందు మరమ్మతు సంగతి చూడండి.

ఇంకొకటి. వాన కురిసినప్పుడల్లా కప్పు కారుతోందని పదేళ్లకోసారి పైన సిమెంటు పూత వేయించడం అలవాటు. ఒక అంగుళం మందం సిమెంటు పూత చదరపు మీటరుకు 50 కిలోలకు పైగా బరువు. ఇలా నాలుగు అంగుళాలు పేరుకుంటే 200 కిలోలు దాటుతుంది. నివాస గదిలో మనుషులు, సామాన్ల కోసం భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్కలోకి తీసుకొమ్మనే బరువు కూడా చదరపు మీటరుకు సుమారు 200 కిలోలే. అంటే మీరు గది వేయకముందే ఆ గది బరువులో కొంత కప్పు మీద కూర్చుని ఉంది. పాత పొరలు తీయించడమే కొన్ని ఇళ్లకు మొదటి బలోపేతం.

లోపల అటక: ఎత్తు సరిపోతుందా?

జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 అటకను సామాన్లు పెట్టుకునే చోటుగానే చూస్తుంది. దాని ఎత్తు గరిష్ఠంగా 1.5 మీటర్లు. మనిషి ఉండే మధ్య అంతస్తును మెజనైన్ అంటారు. దానికి కనీసం 2.2 మీటర్ల ఎత్తు కావాలి. నివాస గదికి 2.75 మీటర్లు. మెజనైన్‌ను నివాసానికి వాడితే విస్తీర్ణం 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదు. మొత్తం మెజనైన్లు కలిపి భవనం ప్లింత్ ఏరియాలో మూడో వంతుకు మించకూడదు.

మీ గది ఎత్తు 15 అడుగులనుకోండి. అంటే 4.57 మీటర్లు. మధ్యలో వేసే అంతస్తు మందం ఆరు అంగుళాలు తీసేస్తే మిగిలేది 4.4 మీటర్లు. కింద 2.2, పైన 2.2. కింద గది నివాస గదికి ఉండాల్సిన ఎత్తు కోల్పోయింది. కింద 2.75 ఉంచితే పైన 1.65 మీటర్లే. సగటు మగవాడు తల వంచి నడవాలి. రెండింటికీ నివాస గది ఎత్తు కావాలంటే కప్పు 18 అడుగుల పైన ఉండాలి. టేప్ పట్టుకుని కొలిస్తే ఐదు నిమిషాల్లో తేలే సంగతి ఇది. చాలా ప్రణాళికలు ఇక్కడే ఆగిపోతాయి, ఆగడమే మంచిది.

ఎత్తు ఉందనుకుందాం. అటక బరువు ఎక్కడికి పోవాలి? సులువైన దారి గోడకు గూళ్లు కొట్టి అందులో ఇనుప బీములు దూర్చడం. పాత రాతి గోడలో ఇదే ప్రమాదం. రెండడుగుల గోడ అంటే రెండడుగుల రాయి కాదు. బయట ఒక వరుస, లోపల ఒక వరుస రాళ్లు, మధ్యలో చిన్న రాళ్లూ సున్నమూ కలిపిన పూడిక. లోపలి వరుసలో గూడు కొట్టి బీము ఆనిస్తే బరువంతా ఆ వరుస మీదే పడి, అది గోడ నుంచి విడిపోయి ఉబ్బుతుంది. ఇటుక గోడల ఇళ్లలో నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ మీద బీము ఆనించడమూ ఇలాంటిదే. అది బరువు మోయడానికి కట్టింది కాదు.

మేలైన పద్ధతి, అటకకు సొంత కాళ్లు ఇవ్వడం. నాలుగు మూలల ఉక్కు స్తంభాలు, వాటికి సొంత పునాదులు, పైన ఉక్కు చట్రం. గోడకు పక్కకు ఊగకుండా పట్టు మాత్రమే ఉంటుంది, బరువు ఉండదు. గది నేల కొంచెం తవ్వాల్సి వస్తుంది, ఖర్చూ కొంత పెరుగుతుంది. కానీ రేపు అటక వద్దనుకుంటే విప్పి తీసేయవచ్చు, పాత గోడ చెక్కుచెదరదు. కింద దుకాణం ఉండి మీరు మొదటి అంతస్తులో ఉంటే ఈ పద్ధతి నేరుగా పనికిరాదు. ఆ స్తంభాలు కింది కప్పు మీద నిలబడతాయి మరి. అప్పుడు లెక్క నేల దాకా వెళ్లాలి.

వంటింటి సజ్జ మీద పరుపు వేసి పడుకునే ఇళ్లు కూడా ఉన్నాయి. గిన్నెల కోసం వేసిన సన్నని పలక అది. దాన్ని మంచంగా వాడొద్దు.

మేడ మీద గది: ఎన్ని టన్నులు?

పది అడుగులు, పన్నెండు అడుగుల ఒక్క గది. ఎత్తు తొమ్మిది అడుగులు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు కడితే, తలుపులు కిటికీలు తీసేసినా గోడల బరువు దాదాపు 14 టన్నులు. ఐదు అంగుళాల స్లాబ్ నాలుగున్నర టన్నులు. పైన వాటర్‌ప్రూఫింగ్, లోపల మనుషులు, మంచం, బీరువా కలిపితే మొత్తం 20 టన్నులు దాటుతుంది. అంటే ఇంటి నెత్తిన ఇరవై చిన్న కార్లు పెట్టినట్టు. పైన వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు పెడితే మరో టన్ను.

అదే గదిని ఉక్కు చట్రం, తేలిక సిమెంటు ప్యానెళ్లు, పైన షీట్ల కప్పుతో కడితే వాడకం బరువుతో కలిపి ఐదు టన్నుల ప్రాంతంలో ఆగుతుంది. నాలుగో వంతు. పాత ఇంటి మీద తప్పనిసరిగా గది వేయాల్సి వస్తే ఇంజినీర్లు చాలామంది ఇటే మొగ్గుతారు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. తేలిక కప్పును గాలి ఎత్తేస్తుంది. ఐఎస్ 875 ప్రకారం హైదరాబాద్‌కు డిజైన్ చేయాల్సిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. ఏప్రిల్, మే నెలల గాలివానల్లో రేకులు ఎగిరి పక్కింటి మీద పడటం మనకు కొత్త కాదు. చట్రాన్ని కింది కట్టడానికి ఎలా బిగిస్తారో డ్రాయింగ్‌లో చూపించమనండి.

వాడకం మారితే బరువూ మారుతుంది. అబిడ్స్, కోఠి పక్క పుస్తకాలు, కాగితం, బట్టల వ్యాపారం చేసేవాళ్లు పై గదిని గోదాముగా వాడటం సాధారణం. పుస్తకాలు పేర్చే గదికి ఐఎస్ 875 చెప్పే బరువు 2.2 మీటర్ల ఎత్తు వరకే చదరపు మీటరుకు 600 కిలోలు. నివాస గదికి మూడింతలు. "గది" అని చెప్పి లెక్క కట్టించి, స్టాక్ నింపితే ఆ లెక్కకు అర్థం లేదు. బరువు ఒక్కటే కాదు, నిప్పు కూడా. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది భాగంలో నిల్వ ఉంచిన రసాయనాలకు మంటలు అంటుకుని పైన నివసించే తొమ్మిది మంది చనిపోయారు. పై గదికి వెళ్లే దారి ఒక్కటే సన్నటి మెట్లయితే, ఆ మెట్ల కింద ఏముందో చూసుకోండి.

"చువ్వలు వదిలారు కదా"

మన నగరంలో సగం ఇళ్ల మీద పిల్లర్ల చువ్వలు ఆకాశం వైపు చూస్తూ ఉంటాయి. "నాన్నగారు మరో రెండంతస్తులకు పునాది వేయించారు, అందుకే చువ్వలు వదిలారు" అని ఇంటివాళ్లు నమ్ముతారు. చువ్వలు వదలడానికి ఖర్చు లేదు. పునాది పెద్దది వేయడానికి ఖర్చు ఉంది. మొదటిది జరిగినంత మాత్రాన రెండోది జరిగిందని కాదు. పైగా ఇరవై ఏళ్లు ఎండావానల్లో ఉన్న చువ్వ సన్నబడి ఉంటుంది, తుప్పు స్లాబ్ లోపలికీ దిగి ఉంటుంది.

నిజం తెలియాలంటే రెండు దారులు. ఒకటి అప్పటి డ్రాయింగ్‌లు, అనుమతి పత్రాలు. రెండోది పిల్లరు పక్కన గొయ్యి తీసి పునాది వెడల్పు, లోతు, కింద మట్టి చూడటం. హైదరాబాద్ చాలా వరకు గ్రానైట్ మీద ఉంది, మొరం తొందరగానే తగులుతుంది. కానీ మూసీ వైపు, పాత నాలాల పక్కన, పూడ్చిన బావుల మీద కట్టిన ఇళ్ల సంగతి అలా కాదు. పక్కింటికి గట్టి నేల తగిలిందని మీకూ తగులుతుందనుకోవద్దు.

పిల్లరు లేని చోట స్లాబ్‌కు డ్రిల్ వేసి చువ్వలు అతికించి కొత్త పిల్లరు లేపడం మరో అలవాటు. కొత్త పిల్లరు కింద పాత పిల్లరు ఉండాలి, లేదా ఆ బరువుకు డిజైన్ చేసిన బీము ఉండాలి. స్లాబ్ మధ్యలో పిల్లరు నిలబెట్టడమంటే టేబుల్ మధ్యలో రోలు పెట్టినట్టే.

గోడ తీసేటప్పుడు

హాలు పెద్దది చేయడానికి మధ్య గోడ తీసి ఐ-బీము వేయాలనుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఆనింపుల జాకీలు గది నేల మీద పెట్టి కప్పును ఆపారంటే బరువు ఆ నేల మీదికి వచ్చింది. ఆ నేల కింద మరో దుకాణమో, సెల్లారో ఉంటే అక్కడా జాకీలు ఉండాలి, నేల దాకా ఒకే వరుసలో. కింద అద్దెకున్నవాళ్లు ఒప్పుకోలేదని పైన మాత్రమే జాకీలు పెట్టి పని కానిచ్చేస్తారు. ఆ పరిస్థితి వస్తే పని ఆపడమే దారి.

బీము చివర్లు ఆనే చోట కూడా గోడ నలగకుండా కాంక్రీటు దిమ్మో ఉక్కు పలకో కావాలి. పక్కింటితో ఉమ్మడి గోడ అయితే వాళ్లకు చెప్పకుండా ముట్టుకోవద్దు. ఆ గోడ వాళ్ల కప్పును కూడా మోస్తోంది.

ఏ ఇంజినీర్? ఏం అడగాలి?

ఆర్కిటెక్ట్, కాంట్రాక్టర్, సైట్ ఇంజినీర్, స్ట్రక్చరల్ ఇంజినీర్ నలుగురూ వేర్వేరు. మీకు కావాల్సింది నాలుగో మనిషి. మున్సిపల్ లైసెన్సు ఉందో లేదో చూడండి. కాంట్రాక్టర్ తెచ్చిన ఇంజినీర్ కన్నా మీరు ఫీజిచ్చి పెట్టుకున్న ఇంజినీర్ మేలు. వద్దని చెప్పినా ఆయనకు నష్టం లేదు కాబట్టి. జేఎన్‌టీయూ హైదరాబాద్, ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాలల సివిల్ విభాగాలు కూడా రుసుము తీసుకుని కట్టడాల పటిష్ఠత పరిశీలిస్తాయి. పెద్ద భవనం, ఎక్కువ వాటాదారులు, తగాదా ఉన్న చోట ఇలాంటి సంస్థ నివేదికకు విలువ ఎక్కువ.

కాంక్రీటు ఇంటికి పరీక్షలు ఉన్నాయి. రీబౌండ్ హ్యామర్‌తో ఉపరితల గట్టిదనం, అల్ట్రాసోనిక్ తరంగాలతో లోపలి ఖాళీలు, అనుమానం ఉంటే చిన్న స్థూపంలా కోసి తీసి ల్యాబ్‌లో నొక్కి చూడటం. ఒక చవకైన పరీక్ష గురించి ప్రత్యేకంగా అడగండి. చెక్కిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే ఆరోగ్యంగా ఉన్న చోట గులాబీ రంగు వస్తుంది. రంగు రాని చోట చువ్వకు తుప్పు నుంచి రక్షణ పోయినట్టు. రాతి, సున్నపు గోడలకు రీబౌండ్ హ్యామర్ అంకెలు చెప్పి నివేదిక ఇస్తే నమ్మొద్దు. అక్కడ గిలాబు కొంత ఊడదీసి గోడ లోపలికి చూడాల్సిందే.

చేతికొచ్చే నివేదికలో "భవనం బాగుంది" అన్న వాక్యం సరిపోదు. ఇప్పుడున్న బరువెంత, కలిపేదెంత, అది ఏ గోడ ద్వారా ఏ పునాదికి పోతుంది, ఏ భాగానికి బలం చాలదు, దాన్ని జాకెటింగ్‌తోనో ఉక్కుతోనో ఎలా పెంచాలి, పని ఏ వరుసలో చేయాలి, ఇవన్నీ ఉండాలి. స్లాబ్ పోసే ముందు ఇంజినీర్ వచ్చి కడ్డీలు చూసేలా ముందే మాట్లాడుకోండి.

అనుమతి సంగతి

జీహెచ్‌ఎంసీ చట్టం 1955లోని 428, 433 సెక్షన్ల ప్రకారం కొత్త కట్టడానికే కాదు, ఉన్నదానికి చేర్పులు, మార్పులకూ కార్పొరేషన్‌కు తెలపాలి. తెలంగాణలో 2020 చట్టంతో టీఎస్-బీపాస్ వచ్చింది. 2025లో దాని స్థానంలోకి బిల్డ్‌నౌ ఆన్‌లైన్ విధానం వచ్చింది. టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి రుసుముతో నమోదు చాలు. 600 చదరపు గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. అంతకు మించితే 21 రోజుల సింగిల్ విండో.

"స్వీయ ధ్రువీకరణ" అంటే అధికారి తనిఖీ చేసి బాగుందన్నాడని కాదు. బాధ్యత మీరు తీసుకున్నారని. తప్పుడు వివరాలిస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారం చట్టంలో ఉంది. అబిడ్స్ సందుల్లో రోడ్డు వెడల్పు, వదలాల్సిన ఖాళీ, ఎత్తు పరిమితి దగ్గరే చాలా దరఖాస్తులు ఇరుక్కుంటాయి. ఇవి 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168లో ఉంటాయి. కొలతలు తీసుకుని ముందే సర్కిల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్ విభాగంలో అడగండి. మీ కట్టడం వారసత్వ జాబితాలో ఉంటే 2017 తెలంగాణ వారసత్వ చట్టం కింద అదనపు అనుమతి కావాలి.

ఇప్పుడు కట్టేసి తర్వాత క్రమబద్ధీకరించుకోవచ్చన్న ఆశ పెట్టుకోవద్దు. 2015 నాటి బీఆర్‌ఎస్ పథకం ఆ ఏడాది అక్టోబర్ 28కి ముందు కట్టినవాటికే. పై గదికి ఆస్తిపన్ను కడుతున్నంత మాత్రాన అది సక్రమం కాదు.

అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు మీదే అయినా టెర్రస్ మీది కాదు. అది అందరి ఉమ్మడి ఆస్తి. అద్దె ఇల్లు, వక్ఫ్ ఆస్తి, అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లు అయితే రాతపూర్వక అంగీకారం లేకుండా ఇంజినీర్‌ను కూడా పిలవకండి, ఫీజు వృథా.

ఇప్పటికే కట్టేసి ఉంటే

2013 జూలై 8 ఉదయం సికింద్రాబాద్ రాష్ట్రపతి రోడ్డులోని సిటీలైట్ హోటల్ ఉన్న దశాబ్దాల నాటి భవనం కూలి పది మందికి పైగా చనిపోయారు. టీ తాగడానికి వచ్చినవాళ్లూ, పనివాళ్లూ. కొన్ని సంకేతాలు తెలిసి ఉంటే మంచిది. నిన్నటిదాకా సరిగా పడిన తలుపు ఇప్పుడు బిగుసుకోవడం, కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగే బీట, గోడ కడుపు ఉబ్బడం, కప్పు నుంచి సున్నపు పొడి రాలడం, గడ్డరు పక్కన కొత్తగా సందు కనిపించడం.

పగులు పాతదో పెరుగుతోందో తెలియకపోతే, దానికి అడ్డంగా పలుచని గాజు ముక్కను రెండు పక్కలా అతికించి పక్కన తేదీ రాయండి. గాజు పగిలితే గోడ కదులుతోంది. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్ గీత పెట్టి తేదీ వేసినా సరిపోతుంది. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడండి.

గాజు పగిలినా, బీటలోంచి వెలుతురు కనిపించినా, టపటపమని శబ్దాలు వినిపించినా ముందు బయటికి రండి. పైన ట్యాంకులో నీళ్లు వదిలేయడానికి కూడా మళ్లీ లోపలికి వెళ్లొద్దు. 112కు ఫోన్ చేయండి. ప్రమాదం వెంటనే లేదనిపించినా అనుమానం ఉంటే జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్ 040-21111111కు చెప్పండి. పక్కవాళ్ల ఇల్లు శిథిలంగా ఉన్నా ఫిర్యాదు చేయవచ్చు. కూలే స్థితిలో ఉన్న కట్టడాన్ని ఖాళీ చేయించడానికి, మరమ్మతు చేయమనడానికి, తీయించడానికి 456వ సెక్షన్ కింద కార్పొరేషన్ నోటీసు ఇవ్వగలదు. మీరు అద్దెకుంటూ అలాంటి నోటీసు అందుకుంటే దాని నకలు, ఇంటి ఫొటోలు, అద్దె రసీదులు ఇంటి బయట ఎవరి దగ్గరైనా భద్రపరచండి. తర్వాత యజమానితో మాట్లాడటానికి అవి కావాలి.